వారియర్, గ్లువార్, నేను రాయని ఒక పేరు

ఏది గెలుస్తుంది

చరిత్ర శాఖలో కొత్తగా చేరిన అధ్యాపకులు అప్పుడప్పుడు తార్నాకలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, లేచేముందు అందరూ ఒకటే మాట అంటారు: "మేడం, మీ సర్వీసు అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి." ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, కమిటీల గురించి ఇందులో ఏమీ ఉండదు. నేను చేసిన ఒక పని గురించి ఉంటుంది. అది చదివాక కూడా మీరు మా ఇంటికి టీకి వస్తే సంతోషిస్తాను.

నేను చెప్పిన పాఠం పందొమ్మిదో శతాబ్దపు యుద్ధనౌకలు. చెక్క ఓడలకు ఇనుప పలకలు బిగించడం మొదలైన కాలం. సముద్రమే లేని ఊళ్ళో, సగంమంది ఓడను కళ్ళతో చూడని తరగతికి ఆ పాఠం చెప్పాలి. అయినా మొదటి రోజే వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చేది: "మేడం, రెండూ కొట్లాడితే ఏది గెలుస్తది?"

రెండూ అంటే ఫ్రాన్సు కట్టిన గ్లువార్, దానికి జవాబుగా బ్రిటన్ కట్టిన వారియర్. గ్లువార్ ఒళ్ళంతా చెక్క, పైన ఇనుప పలకలు. వారియర్ ఒళ్ళే ఇనుము, మధ్య భాగానికి టేకు దిమ్మలు పరిచి వాటి మీద మళ్ళీ ఇనుప పలకలు. ఒకదాన్ని చూసి ఒకటి పుట్టిన ఈ రెండు ఓడలు జీవితంలో ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. అందుకే వాటిని పోల్చడం అంత సరదా. ఎవరూ మనల్ని తప్పని నిరూపించలేరు.

నిజంగా పోట్లాడుకున్న జంట అమెరికా అంతర్యుద్ధంలో ఉంది. ఉత్తరాది వాళ్ళ మానిటర్, దక్షిణాది వాళ్ళ వర్జీనియా. గంటల తరబడి దగ్గర నుంచి గుండ్లు వేసుకున్నాయి, ఏదీ మునగలేదు. కాగితం మీద లెక్క వేస్తే మానిటర్ ఫిరంగులు ఎదుటి ఓడ కవచాన్ని చీల్చగలవు. కానీ ఆ ఫిరంగులు కొత్తవి, పేలిపోతాయన్న భయంతో సగం తుపాకి మందే కూరాలని పైనుంచి ఉత్తర్వు ఉంది. ఏ పట్టికలోనూ ఆ ఉత్తర్వుకు గడి ఉండదు. ఈ సంగతి ప్రతి ఏడూ చెప్పేదాన్ని. పట్టికను నమ్మకండి అని చెప్పేదాన్ని. నా పట్టిక సంగతి వచ్చేసరికి మాత్రం వేరేలా ప్రవర్తించాను.

హెడ్డు గారి ఫుట్‌నోట్

నేను పరిశోధక విద్యార్థినిగా ఉన్నప్పుడు మా శాఖాధిపతి అచ్చమైన హైదరాబాదీ. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో పూర్తిచేసేవారు. ఆయన వ్యాసం ఒకదానిలో ఓ ఓడను నీళ్ళలోకి దింపిన ఏడాది, అది నౌకాదళంలో చేరిన ఏడాది ఒకటిగా కలిసిపోయాయి. నేను కనిపెట్టాను. చెప్పాలా వద్దా అని వారం రోజులు నలిగి, చివరికి వెళ్ళి చెప్పాను.

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"సహీ చెప్పినవ్. నాకెట్ల కనపడలే ఇది?" అన్నారు. అంతే.

తరువాతి వ్యాసంలో కింద చిన్న అక్షరాల్లో ఫుట్‌నోట్ వచ్చింది. లోగడ రాసిన ఏడాది పొరపాటని, దాన్ని గుర్తించినది ఫలానా విద్యార్థిని అని, నా ఇంటిపేరుతో సహా. నేను మొహమాటపడితే, "గలతీ నాది, పట్టుకున్నది నువ్వు. రెండూ రాయాలె గద" అన్నారు. కాకినాడ రేవులో గుమాస్తాగా పనిచేసే మా నాన్న ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకుని నెల రోజులు తిరిగారు.

తప్పు ఎలా ఒప్పుకోవాలో నాకు ఎవరూ చూపించలేదు అని చెప్పుకునే వీలు లేదు. అందుకే ఇది ముందు రాశాను.

నా పుస్తకం

ఉద్యోగంలో చేరాక మగ సహోద్యోగులు కొందరు నా ఎదురుగానే నవ్వేవారు. ఆడమనిషికి ఫిరంగులేమిటి, వంటింట్లో సరిపడా ఇనుము లేదా అని. అయిదేళ్ళు కష్టపడి తెలుగులో ఒక పుస్తకం రాశాను. ఇనుప కవచ నౌకల మీద తెలుగులో అప్పటికి అదొక్కటే. తెలుగు మాధ్యమంలో చదివే ఎం.ఏ. పిల్లలు దాన్నే చదివి పరీక్షలు రాసేవారు. నవ్వినవాళ్ళు నవ్వడం మానేశారు.

ఆ పుస్తకానికి గుండెకాయ ఒక పట్టిక. ఎడమవైపు గ్లువార్, కుడివైపు వారియర్. పొడవు, వెడల్పు, బరువు, కవచం మందం, ఫిరంగులు. దాని నుంచి నేను తీసిన ముగింపు ఏమిటంటే, రెండు ఓడలూ దాదాపు ఒకే బరువు, అయినా ఫ్రెంచివాళ్ళు ఓడ పొడవునా కవచం తొడగగలిగారు, బ్రిటిష్ వాళ్ళు మధ్య భాగానికే తొడిగి ముందు, వెనక వదిలేశారు, కాబట్టి ఫ్రెంచివాళ్ళ నమూనా తెలివైనది. నాకు పేరు తెచ్చిన వాదన ఇదే. సెమినార్లలో దీని కోసమే నన్ను పిలిచేవారు.

బాయిలర్ మేస్త్రీ ప్రశ్న

మేరీ సుజాత ఎం.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని. వాళ్ళది జనగామ వైపు పల్లె. తండ్రి రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ మేస్త్రీగా చేరడంతో కుటుంబం వారాసిగూడలో స్థిరపడింది. తరగతిలో మాట్లాడేది కాదు. రాసుకుంటూ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

"మేడం, మీ బుక్కుల ఒకటి అర్థం కాలేదు. అడగొచ్చునా?"

రమ్మన్నాను. పుస్తకం తెరిచి పట్టిక మీద వేలు పెట్టింది.

"రాత్రి ఇంట్ల చదువుతుంటే మా నాయిన చూసిండు మేడం. ఆయనకు ఇనుము పనే గద. 'గీ రెండో ఓడ మొదటిదానికంటె ఒకటిన్నర రెట్లు పొడుగున్నది. పైగా ఒళ్ళంత ఇనుమే అంటున్నవ్. బరువేమో జరంతనే ఎక్కువ రాసిండ్రు. అదెట్లయితది బిడ్డా' అన్నడు. నేను మూడు రోజులు లైబ్రరీల కూసొని పాత వాల్యూములు చూసిన."

తెల్లకాగితం ఒకటి నా ముందు పెట్టింది. చక్కటి చేతిరాత. విషయం ఇది. ఆ రోజుల్లో బ్రిటిష్ వాళ్ళు ఓడను రెండు రకాల టన్నుల్లో చెప్పేవారు. ఒకటి పొడవు, వెడల్పుల నుంచి పాత సూత్రంతో లెక్కగట్టే టన్నులు, అవి సరుకు ఎంత పడుతుందనే అంచనా. రెండోది ఓడ పక్కకు నెట్టే నీళ్ళ బరువు, అంటే ఓడ అసలు బరువు. గ్లువార్‌కు నేను అసలు బరువు రాశాను. వారియర్‌కు పాత సూత్రపు టన్నులు రాశాను. ఆరువేల పైచిలుకు అని నేను రాసిన ఓడ నిజానికి తొమ్మిదివేల టన్నులు దాటుతుంది. రెండూ ఒకే బరువు అన్న నా వాదన అక్కడే కూలిపోయింది.

నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. ఏ పుస్తకంలోంచి ఆ అంకె ఎత్తి రాశానో, సరిచూడకుండా ఎలా వదిలేశానో కూడా గుర్తొచ్చింది.

"ఇది అంత సులువైన విషయం కాదు సుజాతా. చాలా సంప్రదాయాలు ఉంటాయి. కాగితం ఇక్కడ పెట్టి వెళ్ళు, చూస్తాను" అన్నాను.

"నేనే తప్పు చూసిన్నేమో మేడం. మీరు చెప్తే దిద్దుకుంట" అంది.

తప్పు తనదేమోనని ఆ పిల్ల అనుకోవడం నాకు ఊరట కలిగించింది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అదే నిజం. కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాను. తరువాత వరండాలో రెండుసార్లు ఎదురుపడి, అడగాలని ఆగింది. నేను తొందరగా ఉన్నట్టు నడిచాను.

ఇంటర్వ్యూ

ఆ మరుసటి ఏడాది సుజాత పిహెచ్.డి. సీటుకు దరఖాస్తు పెట్టింది. అంశం, ఇనుప కవచ నౌకలను పోల్చడంలో వాడిన కొలతలు. చదవగానే తెలిసింది, మొదటి అధ్యాయం నా పట్టికే అవుతుందని.

బోర్డులో ముగ్గురం. నేను, శాఖ నుంచి ఇంకొకరు, బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు. ఆ పెద్దాయన నవ్వుతూ పాత ప్రశ్నే అడిగారు, గ్లువార్, వారియర్ ఎదురుపడితే ఏది గెలిచేదని.

సుజాత కాసేపు ఆలోచించింది.

"సముద్రం ఎట్లున్నదో చెప్పకుండ జవాబు లేదు సార్. గ్లువార్ ఫిరంగుల కిటికీలు నీళ్ళకు బాగ దగ్గర. అలలు లేస్తే అవి తెరవరాదు. అప్పుడు వారియర్‌దే పైచేయి. అదే రేవులోపట, నీళ్ళు నిమ్మళంగ ఉండి, దగ్గర దగ్గర కొట్లాడితె, వారియర్ పొడుగుకు జల్ది తిరగలేదు. దాని చుక్కానికి కవచం లేదు. ఒక్క గుండు గాడ తగిలినా అయిపోయె. ఇంకొకటి సార్, లోపలున్నోళ్ళు ఎంత నేర్చినోళ్ళో మనకు తెల్వదు. ఓడలను పోలుస్తున్నం గని మనుషులను పోలుస్తలేం."

పెద్దాయన కుర్చీలో ముందుకు వంగారు. నా పాఠాలన్నిటికంటే మంచి జవాబు అది. అప్పుడు నేను నోరు తెరిచాను.

"నీకు ఫ్రెంచి వచ్చా?"

"రాదు మేడం."

"ఫ్రెంచి రాకుండా ఫ్రెంచి ఓడల మీద పరిశోధన ఎలా చేస్తావు? అక్కడి రికార్డులు ఎవరు చదివి పెడతారు?"

సుజాత ముఖం దించుకుంది. "నేర్చుకుంట మేడం" అంది, వినపడీ వినపడకుండా.

నా ఫ్రెంచి ఎంతో నాకు తెలుసు. నిఘంటువు పక్కన పెట్టుకుని పేజీకి గంట పట్టే ఫ్రెంచి. నా పుస్తకంలోని ఫ్రెంచి అంకెలన్నీ ఇంగ్లీషు పుస్తకాల్లోంచి తీసుకున్నవే. అయినా అడిగాను. పెద్దాయన మళ్ళీ వెనక్కి వాలారు. ఆ విషయంలో నిపుణురాలిని నేనే కాబట్టి మిగతా ఇద్దరూ నా వైపు చూసి మార్కులు వేశారు. ఇరవై అయిదుకి నేను ఆరు వేశాను.

సీటు రాలేదు. జాబితా పెట్టిన రోజు నేను సెలవు పెట్టాను.

ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక మాట. ఈ ఉద్యోగంలో మనం ఎవరినీ కొట్టం, తిట్టం. ఒక ప్రశ్న అడుగుతాం, ఒక అంకె వేస్తాం. చూసేవాళ్ళకు అది ప్రమాణాల మీద పట్టింపులా కనిపిస్తుంది. నాకు కూడా కొన్నేళ్ళు అలాగే కనిపించింది, ఎందుకంటే నేను అలా చూడాలనుకున్నాను.

రెండో ముద్రణ

కొన్నేళ్ళకు పుస్తకం మళ్ళీ వేస్తామని ప్రచురణకర్త అడిగారు. సొరుగు తాళం తీసి ఆ కాగితం బయటపెట్టాను. పక్కన పెట్టుకుని పట్టిక దిద్దాను, వాదన మార్చాను. ముందుమాటలో ఇలా రాశాను: "మొదటి ముద్రణలోని టన్నుల పట్టికలో ఒక లోపాన్ని పునఃపరిశీలనలో గమనించి సవరించడమైనది."

గమనించి. ఎవరు గమనించి? తెలుగులో కర్తను చెప్పకుండానే వాక్యం సాఫీగా నడిచిపోతుంది. ఆ సౌకర్యాన్ని వాడుకున్నాను. హెడ్డు గారు అప్పటికి లేరు. ఉండి ఉంటే ఆ ముందుమాట ఆయనకు ఇచ్చేదాన్ని కాదు.

నవ్య చెప్పిన మాట

రిటైరయ్యాక ఒకరోజు శాఖలో కొత్తగా చేరిన నవ్య మా ఇంటికి వచ్చింది. చేతిలో నా పుస్తకం రెండు ముద్రణలూ ఉన్నాయి. తను పరిశోధన పద్ధతుల పేపరు చెబుతుంది.

"మేడం, మీకొకటి చెప్పాలని వచ్చిన. రెండు ఎడిషన్లు పక్కపక్కన పెట్టి క్లాసుల చూపిస్తున్న. ఎవ్వరూ అడగకున్నా తన తప్పు తనే పట్టుకొని, తన థియరీనే తీసేసుకున్న స్కాలర్ అని మీ గురించి చెప్తున్న. పిల్లలు ఎంత ఇంప్రెస్ అయితున్నరో."

వంటింట్లో పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళాను. పాలు ఇంకా కాగనే లేదు. స్టవ్ ముందు నిలబడిపోయాను. నేను దొంగిలించింది ఇప్పుడు నిజాయితీ పేరుతో పాఠంగా నడుస్తోంది. బయటికి వచ్చి నవ్యకు టీ ఇచ్చాను. ఏమీ చెప్పలేదు. "చాలా థాంక్స్ అమ్మా" అన్నాను కూడా.

నవ్య వచ్చి వెళ్ళిన మూడో రోజు పాత విద్యార్థులకు ఫోన్లు చేసి సుజాత ఎక్కడుందో అడిగాను. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతోందని, మల్కాజ్‌గిరిలో ఉంటుందని చెప్పారు.

మల్కాజ్‌గిరి

ఫోన్ చేస్తే, ఆదివారం తను చర్చి నుంచి వచ్చాక రమ్మంది సుజాత. స్టేషన్‌కు దగ్గర్లో మొదటి అంతస్తు. జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి. నన్ను చూడగానే చేతులు జోడించి, "నమస్తే మేడం, మెట్లు ఎక్కుడు కష్టమైందా" అని కుర్చీ ఫ్యాను కిందికి జరిపింది. ఆమె భర్త మంచినీళ్ళు ఇచ్చి, మమ్మల్ని మాట్లాడుకోమని లోపలి గదిలోకి వెళ్ళాడు. నువ్వు అనాలో మీరు అనాలో తెలియక కాసేపు గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

పట్టిక సంగతి మొదలుపెట్టాను. సగంలోనే ఆమె అందుకుంది.

"తెల్సు మేడం. రెండో ఎడిషన్ వచ్చినప్పుడే కొన్న. చూసిన."

"చూసి ఎందుకు ఊరుకున్నావు? ఎవరికైనా చెప్పాల్సింది."

"ఎవరికి చెప్పాలె మేడం? తెలవాల్సింది మీకు. మీకు తెల్సు గద." ఆమె గొంతులో కోపం లేదు. "మా నాయినకు చూపించిన. 'దిద్దిండ్రు గదా, చాలు తియ్' అన్నడు. బాగ సంతోషపడ్డడు. నేను కూడ అట్లనే అనుకున్న. ఇంటర్వ్యూల మీరేం తప్పడగలేదు. ఫ్రెంచి రాకుండ ఎట్ల ఇస్తరు సీటు? అది నా లోపమే."

నేను అక్కడితో ఆగిపోవచ్చు. పట్టిక తప్పు ఒప్పుకుని, మెచ్చుకోళ్ళు అందుకుని, మెట్లు దిగి వచ్చేయొచ్చు. ఆమె ఆ దారి నాకు తనే తెరిచి పెట్టింది.

"లోపం కాదు సుజాతా" అన్నాను. "ఫ్రెంచి లేకుండా చేరి తరువాత నేర్చుకున్నవాళ్ళు అంతకుముందు ఇద్దరున్నారు. నాకే సరిగ్గా రాదు. నీ జవాబు ఆ రోజు అందరికంటే బాగుంది. నువ్వు చేరితే నా పుస్తకం తప్పని బయటపడుతుందని ఆ ప్రశ్న అడిగాను. ఇరవై అయిదుకి ఆరు వేశాను. మిగతావాళ్ళు నన్ను చూసి తగ్గించారు."

కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి పదేపదే కిక్కు కొడుతున్నారు. ఆ శబ్దం ఆగాక సుజాత అడిగింది.

"ఆరా?"

"ఆరు."

"నేను ఫ్రెంచి నేర్చుకున్న మేడం." గొంతు మెల్లగానే ఉంది. "ఆ సంవత్సరమే చేరిన. పొద్దున బడిల చెప్పి, సాయంత్రం రెండు బస్సులు మారి క్లాసుకు పోయేది. రెండేండ్లు. డిప్లొమా పాసైన. మల్ల అప్లై చేద్దామంటే మీ ముందల కూసునుడు తలుచుకుంటె భయమైంది. ఇంక రాదేమో, నాకు అంత తెలివి లేదేమో అనుకున్న. అట్లనే ఉండిపోయిన."

క్షమించమని అడగాలని వెళ్ళాను. ఆ మాట నోట్లో ఉండగానే అది ఎంత చిన్నదో తెలిసింది. అడగలేదు. కొత్త ముద్రణలో జరిగింది జరిగినట్టు రాస్తానని, నవ్య తరగతికి వెళ్ళి స్వయంగా చెబుతానని మాత్రం అన్నాను.

"రాయండి. మా నాయిన పేరు కూడ రాయండి. మొదలు అడిగింది ఆయన. నన్ను గొప్ప చేసి మాత్రం రాయకుండ్రి."

రాశాను. కొత్త ముందుమాటలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఆ మార్కులు కూడా ఉన్నాయి. నవ్య తరగతిలో నలభై మంది ముందు నిలబడి చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నవ్య నన్ను మెట్రో స్టేషన్ దాకా దింపింది. ఆ పిల్ల మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆమె తప్పేమీ లేదు.

ఆ ఆదివారం మల్కాజ్‌గిరిలో నేను లేవబోతుంటే సుజాత ఆగమని లోపలికి వెళ్ళింది. పాత నోటు పుస్తకం ఒకటి తెచ్చింది. అట్ట చిరిగింది. లోపల గ్లువార్ నిర్మాణం గురించి ఫ్రెంచి నుంచి తెలుగులోకి తను చేసుకున్న అనువాదం, పద్దెనిమిది పేజీలు, పద్దెనిమిదో పేజీ మధ్యలో ఆగిపోయింది. నాకు ఇస్తుందేమోనని చెయ్యి చాచాను.

ఇవ్వలేదు. చూపించి మూసేసింది.

"ఇంక మీరు పోండి మేడం" అంది.